నారింజ రంగు కవరు

స్వీడన్‌లో చలి కాస్త వెనక్కి తగ్గే రోజుల్లో, ఉద్యోగం చేసేవాళ్ళకి ఏటా ప్రభుత్వం నుంచి ఒక నారింజ రంగు కవరు వస్తుంది. 1999లో మొదలైన ఆనవాయితీ. ఈమధ్య చాలామందికి కాగితం బదులు కంప్యూటర్‌లోకే వస్తోంది గానీ, దాని పేరు ఇప్పటికీ నారింజ కవరే. లోపల ఉండేది పింఛను ఖాతా లెక్క. పీఎఫ్ పాస్‌బుక్కు తిరగేసే అలవాటున్నవాళ్ళకి అందులో వరుసలు కొత్తగా ఏమీ ఉండవు: నిరుటి నిల్వ ఇంత, ఈ ఏడు జమ ఇంత, నిర్వహణ ఖర్చు కింద కోత ఇంత. ఒక్క వరుస దగ్గర మాత్రం కన్ను ఆగుతుంది. దాని పేరు ‘వారసత్వ లాభం’. తాతల ఆస్తి కాదది. మీరు పుట్టిన ఏడే పుట్టి, పింఛను ముట్టకుండానే పోయినవాళ్ళ ఖాతాల్లో ఉన్నదాన్ని మిగిలిన ఈడువాళ్ళకి పంచగా మీ వంతుకొచ్చినది. మనవైపు అయితే ఆ వరుస చదివాక కాగితం బల్లమీద పెట్టి, వెళ్ళి కాళ్ళూ చేతులూ కడుక్కొస్తాం. స్వీడన్‌వాళ్ళు కూడిక సరిచూసుకుని ఫైల్లో పెట్టుకుంటారు.

అంతకంటే విచిత్రం చివరి వరుసలో ఉంది. ‘మొత్తం నిల్వ’ అంటూ లక్షల క్రోనాల అంకె కనిపిస్తుంది కదా, ఆ డబ్బు మీ పేరున ఎక్కడా దాచిపెట్టి లేదు. పింఛనుకు లెక్కలోకి వచ్చే ప్రతి వంద క్రోనాల సంపాదన మీదా 18.5 క్రోనాల చందా కడతారు. అందులో 16 ఇప్పుడున్న ముసలివాళ్ళ పింఛన్లకే వెళ్ళిపోతుంది. ఖాతాలో రాసేది ‘నువ్వు ఇంత ఇచ్చావు, మాకు గుర్తుంది’ అన్న ముక్క. మిగిలిన రెండున్నర క్రోనాలు మాత్రం నిజంగానే షేర్ల ఫండ్లలోకి పోతాయి. వాటి కథ తర్వాత.

డబ్బు లేని ఖాతా అనగానే మోసం అనిపించడం సహజం. కానీ ఐరోపాలో ప్రభుత్వ పింఛన్లలో ఎక్కువ భాగం ఎప్పటి వసూలు అప్పుడే పంచే పద్ధతి మీదే నడుస్తాయి. ఉమ్మడి కుటుంబం నడిచేదీ ఇలాగే. కొడుకులు తెచ్చినదాంట్లోంచే తండ్రి పళ్ళెంలో అన్నం పడుతుంది. ముప్పై ఏళ్ళ కిందట ఆయన పండించిన ధాన్యం గాదెలో ఉందా అని ఎవరూ అడగరు. నలుగురు కొడుకులున్నప్పుడు ఇబ్బంది లేదు. ఒక్కడే కొడుకై, తండ్రి తొంభై ఏళ్ళు బతికితే లెక్క మొదలవుతుంది. జర్మనీలో బిస్మార్క్ 1889లో పింఛను చట్టం తెచ్చినప్పుడు దానికి అర్హత వయసు 70. అప్పటికి ఆయన వయసు 74. అది 65కి దిగింది 1916లో. బిస్మార్కే 65 పెట్టాడని రాసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఒకరు రాసినది చూసి ఇంకొకరు.

ఇంతకీ స్వీడన్‌వాళ్ళు ఈ ఉత్తుత్తి ఖాతా ఎందుకు పెట్టుకున్నారు? దీనికి ముందు వాళ్ళకి ఏటీపీ అనే పథకం ఉండేది. అది ఎంత గొడవతో పుట్టిందంటే, 1957లో జనవాక్య సేకరణ పెట్టారు, తేలలేదు. 1958లో దిగువ సభ రద్దు చేసి ఎన్నికలు పెట్టారు, అప్పుడూ తేలలేదు. 1959లో బిల్లు ఓటింగుకి వచ్చేసరికి సభ రెండు సమాన భాగాలుగా చీలి ఉంది. ప్రతిపక్ష లిబరల్ పార్టీ సభ్యుడు టూరే కోనిగ్సన్, గోథెన్‌బర్గ్ కార్మికుడు, ఓటు వేయకుండా కూర్చున్నాడు. 115కి 114తో బిల్లు నెగ్గింది. ఒక దేశపు ముసలితనం ఎలా గడవాలో ఒక మనిషి చెయ్యెత్తకపోవడంతో నిర్ణయమైంది. తర్వాతి ఎన్నికల్లో ఆయన పార్టీ ఆయన్ని ఎలా చూసి ఉంటుందో రాజకీయం ఎరిగిన తెలుగువాళ్ళకి చెప్పనక్కర్లేదు.

ఏటీపీ సూత్రం వినడానికి ఉదారంగా ఉంటుంది. మీ జీవితంలో బాగా సంపాదించిన 15 ఏళ్ళు తీసుకుని, ఆ సగటులో 60 శాతం పింఛనుగా ఇస్తారు. పూర్తి పింఛనుకు 30 ఏళ్ళు పనిచేస్తే చాలు. ఇప్పుడు ఇద్దరు మనుషుల్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఒకామె పద్దెనిమిదేళ్ళకే మిల్లులో చేరి నలభై ఆరేళ్ళు పనిచేసింది. జీతం మొదట ఎంతో చివరా దాదాపు అంతే. ఇంకొకాయన ముప్పై దాటేదాకా చదువుకుని, ఆఫీసులో చేరి, మెట్లెక్కుతూ పోయి, చివరి పదిహేనేళ్ళు పెద్ద జీతం తీసుకున్నాడు. ఆమె కట్టిన పదహారేళ్ళ చందా ఆమెకి ఒక్క పైసా తెచ్చిపెట్టదు. ఆయనకి తక్కువ జీతపు ఏళ్ళు లెక్కలోకే రావు. కార్మికుల పార్టీ పోరాడి తెచ్చిన పథకంలో మిల్లు మనిషి ఆఫీసు మనిషికి చందా కడుతోందని ఆర్థికవేత్తలు లెక్కగట్టి చూపించేసరికి, దాన్ని సమర్థించడం ఆ పార్టీకే కష్టమైంది. సంస్కరణకి అసలు తలుపు తెరిచింది ఈ లెక్కేనని నా అభిప్రాయం. ఖజానా ఖాళీ అవుతోందన్న భయం తర్వాత దాన్ని తోసింది.

ఆ భయం 1990ల మొదట్లో వచ్చింది. బ్యాంకులు మునిగాయి, ఉద్యోగాలు పోయాయి, 1992 సెప్టెంబరులో క్రోనాని కాపాడుకోవడానికి స్వీడన్ కేంద్ర బ్యాంకు వడ్డీని 500 శాతానికి ఎత్తింది. అచ్చుతప్పు కాదు, ఐదువందలే. అంతకు ముందే, 1991లో, సాంఘిక బీమా మంత్రి బో కోన్‌బెర్గ్ అధ్యక్షతన పార్టీల ప్రతినిధులతో ఒక చిన్న బృందం కూర్చుంది. యూనియన్లకీ యాజమాన్య సంఘాలకీ ఆ బల్ల దగ్గర కుర్చీ వేయలేదు. 1994లో ఐదు పార్టీలు ఒక మాటకొచ్చాయి: అధికారంలో ఎవరున్నా సరే, ఈ ఐదుగురూ ఒప్పుకోకుండా పింఛను సూత్రం ముట్టుకోకూడదు. చట్టం 1998లో, అమలు 1999లో.

కొత్త పద్ధతిలో కీలకం ఒక భాగహారం. పదవి దిగేనాటికి మీ ఖాతాలో 30 లక్షల క్రోనాలు ఉన్నాయనుకుందాం. మీ ఈడువాళ్ళు ఇంకా సగటున ఎన్నేళ్ళు బతుకుతారో చూసి ఒక భాజకం కడతారు. లెక్క సులువు కోసం అది 15 అనుకుంటే, ఏడాదికి 2 లక్షలు, నెలకి 16,667 క్రోనాలు. మీ తర్వాతి తరం ఇంకాస్త ఎక్కువకాలం బతుకుతుందని తేలి వాళ్ళ భాజకం 16 అయితే, అదే 30 లక్షలకి నెలకి 15,625 మాత్రమే. వెయ్యి క్రోనాలకి పైగా తగ్గింది. చట్టసభలో చర్చ లేదు, బిల్లు లేదు, మంత్రిగారి సంతకం లేదు. జనం ఎక్కువకాలం బతికారు, అంతే. ఆ వెయ్యీ కావాలంటే ఇంకొన్నాళ్ళు పనిచేయాలి. అది మీ ఇష్టం. ఆడవాళ్ళు మగవాళ్ళకంటే ఎక్కువకాలం బతుకుతారు గానీ భాజకం ఇద్దరికీ ఒకటే. ఎక్కువ చదువుకున్నవాళ్ళూ తక్కువ చదువుకున్నవాళ్ళకంటే ఎక్కువకాలం బతుకుతారు. వాళ్ళకీ అదే భాజకం. అంటే మిల్లు మనిషి ఆఫీసు మనిషికి కట్టే చందా పూర్తిగా మాసిపోలేదు, పద్దు మారింది.

ఇది చాలదన్నట్టు 2001లో ఇంకో మర చేర్చారు. ఏటా వ్యవస్థ ఆస్తులూ అప్పులూ తూకం వేస్తారు. రాబోయే చందాల విలువా, దానికి తోడు ఏపీ ఫండ్లలో ఉన్న నిల్వా ఒకవైపు. ఇచ్చిన మాటలన్నీ ఇంకోవైపు. (ఏపీ అంటే కంగారుపడకండి, స్వీడిష్‌లో ‘సార్వజనిక పింఛను’ అన్నదానికి పొడి అక్షరాలు. మన ఏపీకీ అలాంటి నిల్వకీ సంబంధం లేదని ఆర్థిక శాఖ వాళ్ళు ఎవరైనా చెబుతారు.) తూకంలో అప్పులవైపు మొగ్గితే పింఛన్ల పెరుగుదల దానంతటదే తగ్గిపోతుంది. దీన్ని వాళ్ళు ‘బ్రేకు’ అంటారు.

ఇక్కడ పరిశోధకుల మాట ఒకటి చెప్పుకోవాలి. 1986లో కెంట్ వీవర్ అనే అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త ఒక సంగతి పట్టుకున్నాడు. నాయకులు పేరు తెచ్చుకోవడానికి పడే తాపత్రయం కంటే నింద తప్పించుకోవడానికి పడేది ఎక్కువ. ఎందుకంటే ఓటరు అందిన పది గుర్తుంచుకోడు, పోయిన రెండు మర్చిపోడు. 1994లో పాల్ పియర్సన్ ఒక పుస్తకంలో ఈ దారం పట్టుకుని థాచర్, రేగన్ ప్రభుత్వాలని పరిశీలించాడు. సంక్షేమాన్ని కత్తిరిస్తామని చెప్పి మరీ గెలిచినవాళ్ళు కూడా అనుకున్నంత కత్తిరించలేకపోయారని తేల్చాడు. పథకం కట్టడం వేరు, విప్పడం వేరు. కట్టినప్పుడు లేని మనుషులు విప్పేనాటికి దాన్ని నమ్ముకుని బతుకుతుంటారు. అందుకని కోత పెట్టదలచినవాళ్ళు చేసే పనులు కొన్నే: ఎవరికీ అర్థంకాని సూత్రంలో దాచడం, ఇప్పటివాళ్ళని వదిలి రేపటివాళ్ళ మీద వేయడం, అన్ని పార్టీల చేతా సంతకం పెట్టించడం. స్వీడన్ సంస్కరణని ఈ కళ్ళద్దాలతో చూస్తే మూడూ కనిపిస్తాయి. పాము చావాలి, కర్ర విరగకూడదు, ఆ కర్ర ఎవరి చేతిలో ఉందో కూడా తెలియకూడదు.

పద్ధతి ప్రకారం జరిగితే కథ ఇక్కడ ముగిసేది. 2008లో షేర్లు కూలాయి. ఏపీ ఫండ్లు చిక్కిపోయాయి. తూకం అప్పులవైపు ఒరిగింది. మర కదిలి 2010లో బ్రేకు పడాలి. 2010 సెప్టెంబరులో ఎన్నికలు.

చేతులు కట్టేసుకున్నామని పదేళ్ళపాటు గొప్పగా చెప్పుకున్న ఐదు పార్టీలూ ఎంత చప్పున కట్లు విప్పుకున్నాయో చూడండి. ఫండ్ల విలువని ఆ ఒక్క ఏడాది చివర చూసి కట్టడం బదులు మూడేళ్ళ సగటు తీసుకోవాలని 2009లో సూత్రం మార్చారు. దాంతో దెబ్బ పలచబడి, కొంత ఎన్నికల తర్వాతకి జరిగింది. అయినా 2010లో పింఛన్లు 3 శాతం తగ్గాయి, 2011లో 4.3 శాతం. పెరుగుదల తగ్గడం కాదు, చేతికొచ్చే అంకే తగ్గడం. అప్పుడు పింఛనుదారుల ఆదాయపు పన్ను తగ్గించి ఆ గుంటలో కొంత పూడ్చారు. పింఛను వ్యవస్థలో ఒక్క క్రోనా కదల్చలేదు, ఒడంబడిక చెక్కుచెదరలేదు. ఖజానాకి పక్క తలుపు తెరిచారు, అంతే. 2014లో బ్రేకు వల్లే ఇంకో 2.7 శాతం తగ్గింది.

తర్వాత ఆ పక్క తలుపే రాచబాట అయింది. ఏళ్ళ తరబడి పనిచేసి చిన్న పింఛను తెచ్చుకుంటున్నవాళ్ళ కోసం 2021 సెప్టెంబరు నుంచి నెలకి గరిష్ఠంగా 600 క్రోనాల అదనపు మొత్తం ఇవ్వసాగారు. డబ్బు పింఛను చందాల్లోంచి కాదు, బడ్జెట్‌లోంచి. 2022 ఆగస్టులో కనీస పింఛనుని వెయ్యి క్రోనాల దాకా పెంచారు. మరుసటి నెల ఎన్నికలు. సంబంధం పాఠకులే కలుపుకోవచ్చు. నిర్ణయాన్ని యంత్రానికి వదిలేశామన్నవాళ్ళు నిజానికి వదిలేసింది నిందని. యంత్రం కోత కోస్తే అది గణితం, తర్వాత మంత్రి ఇస్తే అది దయ. తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. కూలబోయే పథకాన్ని నిలబెట్టారు, అదీ వీధిలో ఒక్క బస్సు తగలబడకుండా. నాకున్న పేచీ ఒక్కటే: దీన్ని ‘రాజకీయం లేని సంస్కరణ’ అని వర్ణించే పుస్తకాలతో.

ఇదే సూత్రాన్ని ఇటలీ స్వీడన్‌కంటే ముందే చట్టం చేసింది. ఇటలీ సంగతి చెప్పాలంటే ముందు ‘పసి పింఛనుదార్ల’ గురించి చెప్పాలి. 1973లో వచ్చిన నిబంధనల ప్రకారం ప్రభుత్వోద్యోగం చేసే పెళ్ళై పిల్లలున్న స్త్రీ 14 ఏళ్ళ 6 నెలల ఒక రోజు సర్వీసుతో పింఛను పుచ్చుకుని ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఆ ఒక రోజు ఏం చేయించుకునేవారో నాకెప్పుడూ అనుమానమే. 1995లో లాంబెర్టో డీని ప్రభుత్వం ఉత్తుత్తి ఖాతాల పద్ధతి తెచ్చింది. యూనియన్లు ఒప్పుకున్నాయి. ఎందుకు ఒప్పుకున్నాయంటే, అప్పటికే 18 ఏళ్ళ సర్వీసు ఉన్నవాళ్ళెవరికీ కొత్త పద్ధతి వర్తించదు. యూనియన్ సభల్లో ముందు వరుసలో కూర్చునేది ఆ పద్దెనిమిదేళ్ళ వాళ్ళే కదా. భారమంతా అప్పటికి యూనియన్‌లో గొంతు లేని కుర్రాళ్ళ మీద, ఇంకా ఉద్యోగంలో చేరనివాళ్ళ మీద పడింది. పియర్సన్ పుస్తకానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఎవరూ తయారుచేసి ఇవ్వలేరు.

పదహారేళ్ళు అలా గడిచాయి. 2011 చివర ఇటలీ అప్పు మీద వడ్డీ భరించలేని ఎత్తుకి పోయి, మారియో మోంటి నాయకత్వంలో పార్టీలకి చెందని నిపుణుల ప్రభుత్వం ఏర్పడింది. కార్మిక మంత్రి ఎల్సా ఫోర్నేరో. ఆవిడ రాజకీయాల మనిషి కాదు, ట్యూరిన్‌లో ఆర్థికశాస్త్రం ప్రొఫెసరు. పింఛన్ల మీదే పరిశోధించే ఒక కేంద్రాన్ని 1999లో స్థాపించి నడిపారు. ఆ కేంద్రం పొడి పేరు సెర్ప్. మన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ‘సెర్ప్’ కాదు, కానీ చిత్రంగా ఇక్కడి సెర్ప్ పనుల్లోనూ పెద్దది పింఛన్ల పంపకమే. పేర్ల కలయికలో ఇది రెండోది, ఇక చాలు. డిసెంబరు 4న విలేకరుల సమావేశంలో ఆవిడ కొత్త సంస్కరణ వివరిస్తున్నారు. ఒక స్థాయి దాటిన పింఛన్లకి ధరలతోపాటు పెరుగుదల రెండేళ్ళు ఉండదని చెప్పాలి. ‘త్యాగం’ అనే మాట దగ్గరికి వచ్చారు. ఆ మాట నోటి దాకా వచ్చి గొంతులో ఆగిపోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కన కూర్చున్న మోంటి అందుకుని చెప్పాల్సివచ్చింది. ఇరవై ఏళ్ళుగా పత్రాల్లో రాసిన పట్టికలోని అంకెలకి ముఖాలుంటాయని అప్పుడే తెలిసిందని ఎగతాళి చేసినవాళ్ళున్నారు. నేను అలా అనను. పట్టిక తెలిసినవాళ్ళలో ఏడ్చిన మంత్రిని చరిత్ర అంతగా ఎరగదు.

సంస్కరణ హడావుడిలో ఒక వర్గం మధ్యలో ఇరుక్కుపోయింది. రెండు మూడేళ్ళలో పింఛను వస్తుంది కదా అని కంపెనీతో ఒప్పందం చేసుకుని ఉద్యోగం వదిలేసినవాళ్ళు వాళ్ళు. పింఛను వయసు ముందుకి జరిగింది. ఉద్యోగం లేదు, పింఛను లేదు. వాళ్ళకి ఇటాలియన్‌లో ప్రత్యేకంగా ఒక పేరే పుట్టింది, ‘ఎసొదాతి’. వాళ్ళని ఒడ్డున పడేయడానికి చట్టం మీద చట్టం చేయాల్సివచ్చింది. ధరలతోపాటు పింఛన్లు పెంచడం ఆపేయడం చెల్లదని 2015లో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. ఫోర్నేరో చట్టాన్ని రద్దు చేస్తామన్న నినాదంతో రాజకీయ నాయకుడు మాత్తెయో సాల్వీని ఏళ్ళ తరబడి సభలు నడిపాడు. 2019లో 62 ఏళ్ళ వయసు, 38 ఏళ్ళ చందా ఉంటే చాలన్న మినహాయింపు వచ్చింది. చట్టం మాత్రం రద్దు కాలేదు. తిట్టడానికి ఒక పేరు దొరికాక చట్టం ఉంటేనే లాభం.

స్వీడన్‌లో వదిలేసిన ఆ రెండున్నర క్రోనాల మాట. 2000లో ప్రభుత్వం ప్రజల చేతిలో 456 ఫండ్ల జాబితా పెట్టి, మీ డబ్బు మీరే ఎక్కడ పెట్టుకుంటారో ఎంచుకోండి అంది. ప్రచారం హోరెత్తింది. మూడింట రెండు వంతుల మంది స్వయంగా ఎంచుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మోజుపడ్డ ఫండు ఒక టెక్నాలజీ ఫండు. అంతకు ముందు ఐదేళ్ళలో అది 534 శాతం పెరిగింది. తర్వాత మూడేళ్ళలో దాదాపు 70 శాతం పడిపోయింది. ఆర్థికవేత్తలు రిచర్డ్ థేలర్, హెన్రిక్ క్రోన్‌క్విస్ట్ 2004లో దీని లెక్క తీశారు. ఎంచుకున్నవాళ్ళ డబ్బు ఆ మూడేళ్ళలో సగటున 39.6 శాతం తరిగితే, ఏమీ ఎంచుకోకుండా జాబితాని పక్కన పడేసినవాళ్ళ డబ్బు 29.9 శాతం తరిగింది. బద్ధకానికి ఇంత శాస్త్రీయమైన మద్దతు ఇంకెక్కడా దొరకదు. తర్వాతి ఏళ్ళలో కొత్తగా చేరినవాళ్ళలో పదిమందిలో ఒకరు కూడా ఎంచుకునే జోలికి పోలేదు.

ఇవన్నీ మన పత్రికల్లో అప్పుడప్పుడు రెండు పేరాల వార్తగా వస్తాయి గానీ, తెలుగులో చదివేసరికి అర్థం కొంచెం వంకర పోతుంది. 2023లో ఫ్రాన్స్ పింఛను వయసుని 62 నుంచి 64కి పెంచితే లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. ఇక్కడి పాఠకుడికి అది వింతే. ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగుల పదవీ విరమణ వయసు 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెంచారు. తెలంగాణలో 2021లో 61 చేశారు. రెండుచోట్లా దాన్ని ఉద్యోగులకి చేసిన మేలుగా ప్రకటించారు. కోచింగు సెంటర్ల కుర్రాళ్ళు తప్ప ఎవరూ గొణగలేదు. ఇక్కడ వయసు పెంచడమంటే ప్రభుత్వోద్యోగికి ఇంకో రెండేళ్ళ జీతం. దిగిపోయేనాడు ఒక్కసారిగా ఇవ్వాల్సిన మొత్తాలు ప్రభుత్వానికీ రెండేళ్ళు వాయిదా. అక్కడ వయసు పెంచడమంటే తాపీమేస్త్రి, ఆస్పత్రి ఆయా, బస్సు డ్రైవరు అందరూ ఇంకో రెండేళ్ళు నడుం వంచడం. మనకి ‘పింఛను’ అన్న మాటే రెండు ముక్కలు. ఒకటి రిటైరైన మాస్టారిది. ఇంకోటి నెల మొదట్లో ముసలమ్మ చేతిలో పెట్టేది, ఆంధ్రలో ఇప్పుడు 4,000 రూపాయలు. తాపీమేస్త్రి ఈ రెండింటికీ మధ్య ఉన్న ఖాళీలో ముసలివాడవుతాడు.

అయినా నింద ఎవరి నెత్తిన అన్న ఆట మాత్రం మనకీ బాగా తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 నుంచి ప్రభుత్వోద్యోగంలో చేరినవాళ్ళకి ఆఖరి జీతంలో సగం అన్న హామీ తీసేసి సీపీఎస్ (చందా పింఛను పథకం) పెట్టారు. ఇటలీలో లాగే, అప్పటికి ఉద్యోగంలో లేనివాళ్ళ మీద వేశారు కాబట్టి ఆ రోజున పెద్దగా చప్పుడు కాలేదు. ఆ కుర్రాళ్ళు నలభైల్లోకి వచ్చి సంఘాల్లో గొంతు పెరిగాక, 2023లో ఆంధ్రప్రదేశ్ జీపీఎస్ (హామీ పింఛను పథకం) చట్టం చేసి మూల వేతనంలో సగానికి మళ్ళీ హామీ రాసింది. 2025 ఏప్రిల్ నుంచి కేంద్రం కూడా తన ఉద్యోగులకి యూపీఎస్ (ఏకీకృత పింఛను పథకం) అంది. పద్దెనిమిదేళ్ళ గీత ఇటలీలో ఎవర్ని కాపాడిందో, సెప్టెంబరు 1 గీత ఇక్కడ వాళ్ళనే కాపాడింది.

నారింజ కవరు మాత్రం కొందరు తెలుగువాళ్ళకి నేరుగా సంబంధించినది. భారత్, స్వీడన్‌ల మధ్య సాంఘిక భద్రత ఒప్పందం 2014 ఆగస్టు నుంచి అమల్లో ఉంది. ఇక్కడి కంపెనీ కొన్నాళ్ళకని పంపినవాళ్ళు ధ్రువపత్రం చూపిస్తే అక్కడి చందా కట్టనక్కర్లేదు, ఇక్కడి పీఎఫ్ చాలు. అక్కడి కంపెనీలోనే ఉద్యోగంలో చేరినవాళ్ళు అందరిలాగే కడతారు. ఆరేడేళ్ళు స్టాక్‌హోమ్‌లో పనిచేసి కూకట్‌పల్లికి తిరిగొచ్చినా, ఖాతాలో ఆ అంకె చెరిగిపోదు. ఏటా అక్కడి జీతాల సూచీతో పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అక్కడ తోటి ఈడువాడు పోయినప్పుడల్లా కాస్త కలుస్తుంది. వయసొచ్చాక అర్జీ పెట్టుకుంటే పింఛను ఇక్కడికే వస్తుంది. భాగించేది మాత్రం స్వీడన్‌వాళ్ళ ఆయుర్దాయంతోనే. వాళ్ళ గాలి, వాళ్ళ ఆస్పత్రులు, వాళ్ళ రోడ్ల మీద సగటు మనిషి ఎన్నేళ్ళు బతుకుతాడో లెక్కగట్టి, ఆ సంఖ్యతో భాగించి, వచ్చినది కూకట్‌పల్లికి పంపిస్తారు.